ఇరుగుపొరుగుల విశ్వాసము – నేర నివారణ

బడి మాని వీధిలో తిరుగు పిల్లలను చూచినచో మీ పొరుగువారు మందలింతురా? 1995లో అమెరికాలోని చికాగో నగరమున 343 పేటలలో 8,782 మందిని ఇట్టి ప్రశ్నలే అడిగిరి. శాంప్సన్, రాడెన్‌బుష్, ఎర్ల్స్ అను పండితులు 1997లో ఫలితములను ప్రకటించిరి. పరస్పర విశ్వాసమును, పూనుకొని అడ్డుపడు సంసిద్ధతయు గల పేటలలో హింస తక్కువగా నుండెను. పేదరికమును లెక్కలోనికి తీసికొన్నను ఈ భేదము నిలిచెను.

అయితే ఆ విశ్వాసము ఊరక పుట్టదు. దారిద్ర్యము ఒకచోట పేరుకొనుట, కుటుంబములు తరచు ఇండ్లు మారుట దానిని సడలించును. కావున పేదల పేటలను నిందించుట తగదు. అచ్చట నిలకడగా బ్రతుకు వసతి కల్పించుటయు నేర నివారణయే.

ముఖపరిచయము మాత్రము చాలదు. పొరుగు బిడ్డ మేలు మన బాధ్యతయని తలచి ముందుకు వచ్చుటయే వీధికి రక్షణ.