మెమో రాసిన చేత్తో

విజయపురి సౌత్,
ఆదివారం పొద్దున

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి "చూద్దాంలే, ఆలోచించి చెప్తా" అన్నాను. మనింటి పిల్లవి కాబట్టి పెదనాన్న తప్పించుకుంటున్నాడని నీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. మనవాళ్లు "చూద్దాంలే" అన్నారంటే సగంసార్లు అది "కాదు" అనే. ఈ మాట గుర్తుపెట్టుకో, దీంతో పనుంది.

నీ టీంలో కొత్తగా చేరిన అబ్బాయి మూడోవారంలో నీ దగ్గరికొచ్చి తనకు ఆటిజం ఉందని చెప్పాడన్నావు. హెచ్‌ఆర్ వాళ్లు గంటసేపు స్లైడ్లు చూపించి, చివర్లో అందరిచేతా ఫారం నింపించుకున్నారన్నావు. అంతా అయ్యాక, సోమవారం పొద్దున అతనితో ఏం మాట్లాడాలో మాత్రం తెలియలేదన్నావు. పెదనాన్నకు కంప్యూటరు రాకపోయినా ఆఫీసులు తెలుసు కదా అని నన్నడిగావు. తెలుసు. అందులో నేను చేసిన పని ఒకటి మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అది దాచుకుని నీకు సలహా చెబితే కల్తీ సరుకు అమ్మినట్టు ఉంటుంది.

1993 ప్రాంతం. నేను హెడ్ క్లర్కుని. ఏ ఆఫీసో, ఏ ఊరో రాయను. మా రికార్డు గదిలో ఒక గుమాస్తా ఉండేవాడు, నాకన్నా ఐదారేళ్లు చిన్న. కట్టలన్నీ సంవత్సరాలవారీగా, అందులో మళ్లీ ఎన్నాళ్లు దాచాలన్నదాన్ని బట్టి ఆర్.డిస్. ఒక పక్క, డి.డిస్. ఒక పక్క, ఎల్.డిస్. ఇంకో పక్క పేర్చి, ప్రతి కట్టకూ అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసి కట్టేవాడు. బల్ల మీద ఎడమవైపు ఇంకు ప్యాడు, కుడివైపు చెక్క స్కేలు. ఎవరైనా మాటల్లో పడి స్కేలు జరిపితే, ముందు దాన్ని యథాస్థానంలో పెట్టి అప్పుడు జవాబు చెప్పేవాడు. ఆ జవాబైనా ఎదుటివాళ్ల మొహం చూసి కాదు, గోడమీద క్యాలెండరుకు చెప్పేవాడు. మూడు టైపు మిషన్లూ ఒక్కసారి అందుకున్నాయంటే రెండు అరచేతులూ చెవులకు ఆనించుకుని కూర్చునేవాడు.

ఒకరోజు ఆఫీసరు పిలిచి "ఆ ఫైలు కాస్త చూడవయ్యా" అన్నాడు. మధ్యాహ్నం "చూశావా?" అనడిగితే "చూశానండీ" అన్నాడు. నిజంగా చూశాడు. తీసి, మొదటి పేజీ నుంచి చివరిదాకా చూసి, కట్టి మళ్లీ అల్మరాలో పెట్టేశాడు. చూడమంటే నోటు రాసి పెట్టమని అర్థమని ఎవరు చెప్పారు అతనికి? ఆఫీసంతా వారంరోజులు నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

తర్వాత ఇంకో ఆఫీసరు వచ్చి, మనిషిని గదిలో ఖాళీగా కూర్చోబెట్టారని అనుకుని, తపాలూ కౌంటరూ రెండూ అతనికి అప్పగించాడు. నాలుగు పనులు ఒక్కసారి చెబితే నాలుగూ ఆగిపోయేవి. ఒక సోమవారం కౌంటరు ముందు జనం మూగారు, ఒక పెద్దమనిషి బల్ల మీద చరిచి అరిచాడు. ఇతను లేచి, రికార్డు గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. సాయంత్రం ఐదుకు బయటికొచ్చాడు. మెమో పెట్టమన్నారు. రాసింది నేనే. నా దస్తూరి బాగుంటుందని పేరు. "పై అధికారుల పట్ల నిర్లక్ష్య వైఖరి; ముఖం చూసి సమాధానం చెప్పకపోవుట; అనుమతి లేకుండా సీటు విడిచి వెళ్లుట." మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలన్నాను. మర్నాడే ఇచ్చాడు, మూడు వరసలు:

"1. నిర్లక్ష్యం లేదు. 2. చూడలేను. 3. శబ్దం ఎక్కువైంది."

సంజాయిషీ సంతృప్తికరంగా లేదని నోటు పెట్టాను. ఒక ఇంక్రిమెంటు ఆగింది, కొన్నాళ్లకు బదిలీ అయింది. పోయేరోజు ఆ చెక్క స్కేలు చొక్కా లోపల పెట్టుకుని పోయాడు. అది ప్రభుత్వ సొత్తని ఎవరూ అనలేదు, అంతవరకు నయం. తర్వాత ఒక పాత ఫైలు కోసం ముగ్గురం రెండు రోజులు ఆ గదిలో దుమ్ము మింగాం.

అతనికి ఉన్నది ఆటిజమేనా అంటే నేనెట్టా చెప్తాను, డాక్టర్ని కాదు. నువ్వూ కాదు. నీకు చెప్పే మొదటి మాట ఇదే. నీ టీంలో ఇంకెవరికైనా ఇట్టాంటిదేమన్నా ఉందేమోనని ఇంటర్‌నెట్ చూసి లెక్కలు కట్టకు. చెప్పినవాడు చెప్పాడు, చెప్పనివాడి జోలి వద్దు. చెప్పిన మాటను కూడా అతను ఒప్పుకుంటే తప్ప పక్క సీటుకు దాటనివ్వకు. తనంతట తానే పరీక్షో సలహానో కావాలనుకుంటే సికింద్రాబాద్‌లో 1984 నుంచీ ఉన్న సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మన దేశంలో ఆటిజం అంచనాకు వాడే 40 అంశాల కొలత అక్కడ తయారైనదే. అది అతని ఇష్టం, నీ పని కాదు.

నీ పని గుమాస్తా రాసిన ఆ మూడు వరసల్లో ఉంది. మనిషిలో ఏం లోపం ఉందని కాకుండా, పనికి ఏం అడ్డొస్తున్నదని అడుగు. నేనప్పుడు రికార్డు గది తలుపు తట్టి "ఏ శబ్దం? ఎప్పుడు? కౌంటరు ఇంకొకరికి ఇచ్చి తపాలు ఒక్కటే నీకుంచితే సరిపోతుందా?" అని అడిగి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. మెమోకి గంటన్నర పట్టింది.

చిన్నప్పుడు నిన్ను అనుపు తీసుకుపోయిన రోజు గుర్తుందా? నాగార్జునసాగర్ నీళ్లలో లోయ మునగక ముందు నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన మెట్ల రంగస్థలాన్ని అక్కడ మళ్లీ కట్టారు. నువ్వు పైమెట్టు మీద కూర్చున్నావు, నేను కింద నడిమధ్యలో నిలబడి మెల్లగా "అమ్మడూ, మరమరాలు తింటావా" అంటే నీ పక్కనే అన్నట్టు వినిపించిందని ఎగిరావు. గచ్చిబౌలిలో మీ హాలు ఫొటో పంపావు కదా, గోడల్లేకుండా, నూరు మంది ఒకేచోట. ఆటిజం ఉన్న కొందరికి ఆ హాలంతా పైమెట్టే. నాలుగు వరసల అవతల కాఫీ మిషనూ, ఎవరో పెన్ను నొక్కుతూ ఉండటమూ, నీ మాటా, అన్నీ ఒకే ఎత్తున చెవిలో పడతాయి. మూల సీటు ఇవ్వు, అది రోజూ అతనిదే అయ్యేట్టు చూడు. వచ్చినవాళ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలనే పద్ధతి మీ దగ్గర ఉందన్నావు, అదెవడి తెలివో గానీ, అతనికి వర్తించదని చెప్పెయ్. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మర్యాద లేదని ఎవరూ అనకుండా చూడు. అతనికి నిజంగా శబ్దమే ఇబ్బందో, లైట్లో, మరొకటో అడిగే చెయ్యి. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికిరాకపోవచ్చు.

ఇప్పుడు "చూద్దాంలే" దగ్గరికి వస్తాను. మన భాషే అంత. "వీలు చూసుకుని చెయ్యి" అంటాం, సాయంత్రానికి కావాలని మన కడుపులో ఉంటుంది. "కాస్త మార్చు" అంటాం, ఎంతన్నది చెప్పం. "నువ్వెట్టా అంటే అట్టా" అని, మనమనుకున్నట్టు చెయ్యకపోతే అలుగుతాం. ఆ అబ్బాయికి పని చెప్పేటప్పుడు ఈ వంకర్లన్నీ తీసెయ్. ఏం కావాలి, ఎట్టా ఉంటే పూర్తయినట్టు, ఏ తేదీకి, ఎన్నింటికి, రెండు పనులుంటే ఏది ముందు — కాగితం మీదో మెయిల్లోనో రాసివ్వు. పని మధ్యలో మారితే అదీ రాసి చెప్పు. మీటింగ్ ఉంటే ఏం మాట్లాడబోతున్నారో ముందురోజే పంపు, అక్కడికక్కడ నోరు తెరవలేకపోతే తర్వాత రాసి పంపమను. నీ మొహం చూడకపోతే వినడం లేదని అనుకోకు.

ఇట్టా రాసివ్వడం అతనొక్కడికే మొదలుపెడితే మిగతావాళ్లు గొణుగుతారు, "వాడికేనా ప్రత్యేకం?" అని. అందరికీ రాసివ్వు. ఎవరికీ నష్టం లేదు. సీటు సంగతి ఎవరైనా అడిగితే "అతనికి అక్కడ పని బాగా సాగుతున్నది" అను, అంతకుమించి వివరం వద్దు.

కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఒకటి ఆలోచించు. డెన్మార్క్‌లో తోర్కిల్ సొన్నె అనే ఆయన తన కొడుక్కి ఆటిజం అని తెలిశాక, 2004లో ఇట్టాంటివాళ్లకు ఉద్యోగాలిచ్చే స్పెషలిస్టెర్న్ అనే సంస్థ పెట్టాడు. కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడగకుండా లెగో రోబోలు కట్టించి చూసేవాళ్లు. జర్మనీ కంపెనీ శాప్, బెంగళూరులోని తమ ఆఫీసులో కొందరిని టెస్టర్లుగా తీసుకుని చూసి, 2013లో ఆ సంస్థతో కలిసి మిగతా దేశాల్లోనూ అదే పద్ధతి మొదలుపెట్టింది. మనం మాత్రం ఇంకా చెయ్యి గట్టిగా కలిపాడా, కళ్లల్లోకి చూశాడా అని మార్కులు వేస్తున్నాం. చెయ్యబోయే పనిలో ముక్క ఒకటి ఇచ్చి చేయించి చూడరాదూ?

ఇవన్నీ దయ కాదు, చట్టం. నేను మెమో రాసేనాటికి వైకల్యం ఉన్నవాళ్ల హక్కులకు అసలు చట్టమే లేదు. 1995లో వచ్చినదానిలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, ఆటిజం పేరు లేదు. 2016 చట్టం వాటిని 21 చేసింది. అందులో ఆటిజమూ ఉంది, అక్షరాలు తడబడే డిస్లెక్సియా లాంటివీ ఉన్నాయి. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కేటాయించి, అందులో ఆటిజం లాంటివాళ్లున్న వర్గాలకు ఒక శాతం ఇచ్చారు. మీలాంటి ప్రైవేటు కంపెనీ అయినా 20 మంది, ఆపైన ఉంటే సమాన అవకాశాల పాలసీ రాసి ప్రకటించాలి, లయజన్ ఆఫీసర్ని పెట్టాలి. మీ కంపెనీలో ఆ ఆఫీసరు ఎవరో రేపు పోయి కనుక్కో. హెచ్‌ఆర్‌లో ఎవరైనా "సర్టిఫికెట్‌లో 40 శాతం ఉందా?" అని మొదలుపెడితే, 2021 ఫిబ్రవరిలో వికాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవమను. చెయ్యి వంకర్లు పోయి రాయలేని అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇవ్వమంటే, ఆ శాతం చూపించే కాదన్నారు. ఆ గీటు రిజర్వేషన్ల లాంటివాటికే గానీ, వెసులుబాటు ఇవ్వడానికి కాదని కోర్టు తేల్చింది. వెసులుబాటు అనేది ఎంత మంచి మాట! ఫైళ్లలో దీన్ని ఎక్కడ వాడామా అని వెతుక్కుంటే, మేం "వెసులుబాటు లేదు" అని రాసినవే గుర్తొస్తున్నాయి.

ఇంకో పొరపాటు చెయ్యకు. మా గుమాస్తా కట్టలన్నీ అంత పద్ధతిగా పేర్చేవాడని చెప్పాను కదా అని, నీ టీం అబ్బాయి కూడా ఏదో అద్భుతం చేస్తాడని ఎదురుచూడకు. సినిమాలు చూసి అట్టా తయారయ్యాం. మామూలుగా చేసే మామూలు ఉద్యోగి అయితే ఏం పోయింది? మీరంతా అద్భుతాలా? తప్పు చేస్తే జాలిపడి మింగకు, ఏడాది చివర ఒక్కసారే మూట విప్పకు. అప్పుడే, ఒంటరిగా, ఏది తప్పో ఎట్టా ఉండాలో సూటిగా చెప్పు. సూటిగా చెబితేనే ఇట్టాంటివాళ్లలో చాలామందికి సులువని విన్నాను. నీకే ముందు కష్టంగా ఉంటుంది, మెల్లగా అలవాటవుతుంది.

గుమాస్తా ఎక్కడున్నాడో నాలుగేళ్ల కిందట వాకబు చేశాను. రిటైరయ్యాడని తెలిసింది, ఊరు తెలియలేదు. ఏం రాస్తానో అనుకుంటూనే ఇన్‌లాండ్ లెటరు ఒకటి కొని పెట్టాను.

వర్షాలు బాగా పడి సాగర్ డ్యాము 590 అడుగులకు చేరితే గేట్లెత్తుతారు. నీ టీంని తీసుకొస్తానన్నావు, సంతోషం. ఆ అబ్బాయిని ముందే అడుగు. ఇరవై ఆరు గేట్ల హోరు అంటే మాటలు కాదు, వదిలేముందు సైరనూ మోగుతుంది, ఆదివారమైతే వంతెన మీద జనం కిటకిటలాడుతుంటారు. ఇవన్నీ ఉన్నదున్నట్టు చెప్పు. వద్దంటే బలవంతపెట్టకు, "సరదాగా ఉంటుంది రా" అని లాగకు. వస్తానంటే వారం మధ్యలో మాచర్ల బస్సెక్కి రండి. శుక్రవారం మాత్రం వద్దు, నాగార్జునకొండ మ్యూజియానికి సెలవు. పొద్దున్నే మొదటి లాంచీకైతే జనం పలచగా ఉంటారు. భోజనం మనింట్లోనే. కారం ఎంత తింటాడో కనుక్కుని చెప్పమని మీ పెద్దమ్మ పక్కనుంచి అంటున్నది.

మీ పెదనాన్న