తడి ఆరేదాకా

బళ్లో ముప్పై మూడేళ్లు పిల్లలకి డ్రాయింగ్ చెప్పాను. నాకోసం నేను బొమ్మ వేసుకోవడం మాత్రం రిటైరయ్యాకే కుదిరింది. రోజుకో పేజీ. అడుగున నీటిరంగు, దాని మీద నల్లసిరాతో అల్లిక గీతలు. మా మనవరాలు పుస్తకాన్ని ఆర్ట్ జర్నల్ అంటుంది, గీతల్ని డూడుల్స్ అంటుంది. మా అమ్మ ఉండుంటే ముగ్గుల పుస్తకం అనేది. ఇప్పుడు పదకొండోది నడుస్తోంది. మొదటి మూడూ ఎవరికీ చూపించను. వాటిని పాడుచేసుకుని నేర్చుకున్నవే ఈ కింది మాటలు.

1. గీత మన చేతికి ముందే వచ్చు.

అమెరికాలో రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనే ఇద్దరు జెంటాంగిల్ అని ఒక పద్ధతి తెచ్చారు. మూడున్నర అంగుళాల చదరపు కాగితం మీద ఒకే వంపును మళ్లీమళ్లీ వేసుకుంటూ పోవడం. మనవరాలు ఫోన్లో చూపిస్తే నవ్వొచ్చింది. ధనుర్మాసంలో తెల్లారకుండా మా అమ్మ వాకిట్లో చేసింది ఇదేగా! పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క, ఆపైన మెలిక. మాది నరసాపురం పక్క పల్లెటూరు. ఇంటిపని తెమిలాక అరుగు మీద లేసు అల్లడం మొదలయ్యేది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ క్రోషే అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లిన చేతులకి దక్కింది మాత్రం చిల్లరే. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో ఆ సంగతి మీద పుస్తకమే వేసింది. సరే, అది వేరే కథ.

నమూనాల కోసం ఎక్కడెక్కడో వెతక్కండి. లేసు గొలుసు, చేపల వల, కొబ్బరాకు ఈనెలు, తాటాకు బుట్ట అల్లిక. నాకు ఈ నాలుగే పదకొండు పుస్తకాలకి సరిపోయాయి.

2. కాగితం దగ్గర పీనాసితనం వద్దు.

మామూలు డ్రాయింగు కాగితం మీద నీళ్లు పడితే వేయించిన అప్పడంలా లేస్తుంది. ఆ గుంటల మీద పెన్ను నడవదు. 300 జీఎస్ఎం కాగితం కొనండి. ఖరీదే. పుస్తకం చిన్నది కొనుక్కోండి, అంతే.

3. సిరాని నమ్మే ముందు తడిపి చూడండి.

ఒకసారి మూడు సాయంత్రాలు కూర్చుని, నేనుండే రాజమండ్రిలోని హేవలాక్ వంతెన వేశాను. గర్డరు గర్డరుకీ ఒక అల్లిక. నాలుగో రోజు నది రంగు వేద్దామని కుంచె తడిపి ఇలా తగిలించానో లేదో, వంతెన మొత్తం గోదాట్లో కలిసిపోయింది. కొట్లో అతను "వాటర్‌ప్రూఫేనండీ" అన్న పెన్నే అది. అప్పట్నుంచి ఏ పెన్ను కొన్నా పుస్తకం ఆఖరి పేజీలో ఓ గీత గీసి, పది నిమిషాలాగి తడి కుంచెతో రుద్దుతాను. పిగ్మెంట్ సిరా అయితే కదలదు. సకురా వాళ్ల పిగ్మా పెన్నుల్లో 01 అంటే 0.25 మిల్లీమీటర్లు, 05 అంటే 0.45. ఈ రెండూ ఉంటే చాలు. మిగతావి ముచ్చటకి.

4. ముందు రంగు, తర్వాతే గీత.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. గీతలన్నీ పూర్తిచేసి, గళ్లల్లో రంగు నింపుతారు. తప్పని అనను గానీ, అది పిల్లల రంగుల పుస్తకంలా తేలుతుంది. రంగుకి అక్కడ చెప్పుకోడానికేమీ మిగలదు.

నేను చేసేది చెప్తాను. ఆషాఢ శ్రావణాల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది కదా. కాగితాన్ని ముందు ఉత్తనీళ్లతో తడుపుతాను. బర్న్ట్ సియెన్నాలో కాస్త యెల్లో ఓకర్ కలిపి పైనుంచి ఒక్క వరస వదిలి, పుస్తకాన్ని పక్కకి వంచుతాను. ఇక చెయ్యి పెట్టను. రంగు తనంతట తనే పాకుతుంది, ఒకచోట ఆగుతుంది, ఇంకోచోట తెల్లటి ఖాళీని చుట్టుకుని పోతుంది. మడుగు అంచున నీరు ముందు ఆరుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు రంగుని మోసుకుంటూ అంచుకి వస్తుంది. అందుకే ఆరాక అంచు చిక్కగా, సన్నటి గట్టులా కనపడుతుంది. నాకు లంక కనపడేది అక్కడే. ఆ గట్టు పట్టుకుని పెన్ను మొదలెడతాను. లంక మీద కొబ్బరాకులు, దాని చుట్టూ లేసు గొలుసు, రేవు దగ్గర వల. ఎక్కడ ఏం గీయాలో నీళ్లే చెప్పేశాయి. నాది రాయసం మాత్రమే.

5. ఆరేదాకా ఆగడం అన్నిటికన్నా కష్టం.

మే నెలలో పది నిమిషాల్లో ఆరే పేజీ, ఆగస్టు ముసురులో ముప్పావుగంటైనా ఆరదు. కంటికి ఆరినట్టే ఉంటుంది. ముంజేతి వెనక భాగం ఆనించి చూడండి. చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. ఆ తడి మీద గీస్తే సిరా నూలుపోగుల్లా పీచులు పీచులుగా పాకుతుంది, పెన్ను ములికీ పాడవుతుంది. రంగు ఆరాక ఒక పాలు వెలిసినట్టూ ఉంటుంది. కాబట్టి తడిగా ఉన్నప్పుడే చూసి మురిసిపోకండి. జుట్టు ఆరబెట్టే మిషను నాకు గిట్టదు. మడుగుని ఊది ఎటో తోసేస్తుంది. నేను ఈలోగా కాఫీ పెట్టుకుంటాను.

6. ఖాళీని వదలండి.

లేసులో అందం దారంలో ఎంతో కన్నాల్లోనూ అంతే. ఇది మా అమ్మ మాట. నాకది అర్థమవడానికి ఇద్దరి బొమ్మలు చూడాల్సొచ్చింది. ఒకరు దామెర్ల రామారావుగారు. రాజమండ్రిలో 1897లో పుట్టి, ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొరగారి ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే పోయారు. ఆయన పేరుతో ఇక్కడున్న గ్యాలరీకి బడిపిల్లల్ని తీసుకెళ్లేదాన్ని. "చీర మడతలు ఎన్ని గీతల్లో అయిపోయాయో లెక్కపెట్టండర్రా" అనేదాన్ని. రెండోవారు 1933లో మా నరసాపురంలోనే పుట్టిన బాపుగారు. ఆయన బొమ్మలో అమ్మాయి జడ ఒక్క విసురులో అయిపోతుంది. మన అల్లిక పని దీనికి పూర్తిగా ఎదురు, పేజీ అంతా నింపెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. నేను మూడో వంతు ముట్టుకోను. అదీ అప్పుడప్పుడూ తప్పుతూనే ఉంటాను.

7. చెడినవి చించకండి.

వాకిట్లో మెలిక తప్పితే చేత్తో చెరిపి మళ్లీ వేస్తాం. ఇక్కడ చెరపడం కుదరదు. తప్పిన గీతని ఇంకో మూడుసార్లు వేస్తే నమూనా అయిపోతుందంటారు. ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి నాలుగు తప్పులవుతాయి. ఏదైనా సరే ఉంచేస్తాను.

8. పేజీ కింద తేదీ, నది రంగు రాయండి.

నేను ఊరికే మొదలెట్టిన అలవాటిది. పుష్కరఘాటు మెట్ల మీంచి చూసి, ఆ రోజు నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, దానికి ఏ రంగులు కలిపానో ఒక్క ముక్క రాస్తాను. బొమ్మ చెడినా ఆ ముక్క చెడదు. ఎర్రనీరు ఏ ఏడు ఏ వారంలో వచ్చిందో అడగండి, పుస్తకం తిరగేసి చెప్తాను.