చింతయు, దేహారోగ్యమును



పడుగు బిగువుగా ఉండనిదే నేత సాగదు. అయినను పని ముగించి లేచునపుడు ఆ బిగువును కొంచెము సడలించుట మన పెద్దలు నేర్పిన పద్ధతి. రాత్రింబగళ్ళు లాగి ఉంచిన పడుగులో పోగులు తెగును. మన శరీరము సంగతియు ఇట్టిదే. అప్పుల చింత, దిగులు, భయము దేహములో ఏమి చేయునో ఇచట తెలిసికొందము.

మన మూత్రపిండములు రెంటిపైన టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వీనిని అడ్రినల్ గ్రంథులందురు. త్రోవలో పాము కనబడినదనుకొనుడు. మెదడు ఆజ్ఞ అందిన క్షణములోనే ఈ గ్రంథులు అడ్రినలిన్ అను హార్మోనును నెత్తురులోనికి వదలును. గుండె వడిగా కొట్టుకొనును. ఊపిరి వేగమగును. కాలేయము దాచియుంచిన చక్కెరను నెత్తురులోనికి విడుచును. కడుపునకు పోవు నెత్తురు తగ్గి కాళ్ళు చేతుల కండరములకు మళ్ళును. పారిపోవుటకో, ఎదిరించుటకో దేహము చేసికొను సన్నాహమిది. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో దీనిని గ్రంథరూపమున వివరించెను.

కొన్ని నిముషములకు అదే గ్రంథుల నుండి కార్టిసోల్ అను మరియొక హార్మోను పెరుగును. ఇది మెదడునకు చక్కెర అందునట్లు చూచును. గాయములు మాన్పుట, రోగములతో పోరాడుట వంటి పనులను కొంత వెనుకకు నెట్టును. పాము వెళ్ళిపోయిన తరువాత రెండు హార్మోనులును తగ్గి శరీరము యథాస్థితికి వచ్చును. ఇంతవరకు ఇది మన మేలుకొరకే.

కాని అప్పు, నూలు ధర, అమ్ముడుపోని చీరలు పొదలోనికి పోవు పాములు కావు. నెలల తరబడి ఇంటిలోనే ఉండును. 1936లో మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై జరిపిన పరిశోధనను ప్రకటించెను. చలి, గాయము, అధిక శ్రమ, ఏ బాధ పెట్టినను ఫలితమొక్కటే: అడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి, జీర్ణకోశమున పుండ్లు పడినవి, రోగములనెదుర్కొను అవయవములు కృశించినవి. మనుష్యులలోను ఒత్తిడి ఎడతెగక యున్నచో రక్తపు పోటు పెరుగును, నిద్ర చెడును, చక్కెర వ్యాధి ఉన్నవారికి అది అదుపు తప్పును, పుండ్లు త్వరగా మానవు. ఈ వ్యాధులకు చింత ఒక్కటే కారణము కాదు. వంశము, పొగాకు, తిండి, రోజంతయు మగ్గపు గుంటలో కదలక కూర్చుండుట కూడ కారణములే. చింత వానికి తోడగును.

నా సంగతియే చెప్పెదను. సంఘములో సరకు పేరుకొనిపోయిన ఒక ఏడాది, రాత్రి రెండు గంటలకే మెలకువ వచ్చి గుండె దడదడలాడెడిది. రక్తపు పోటు ఎక్కువైనదని డాక్టరుగారు చెప్పిరి. అదే కాలమున కూలి డబ్బు అడుగవచ్చిన సభ్యులకు "రేపు రండి" అనుట నాకు అలవాటైనది. ఒకనాడు ఒక వృద్ధ సభ్యుడు నాతో, "రేపు రాదంటే రాదనండి, సెక్రటరీ గారూ! ఎప్పుడొస్తుందో చెప్పండి చాలు. రేపు రేపంటే రాత్రంతా కునుకు పట్టదు" అనెను. అది నిజమే. ఎప్పుడు పడునో తెలియని దెబ్బ, తెలిసిన దెబ్బకంటె దేహమును ఎక్కువ కలవరపరచునని శాస్త్రజ్ఞులును కనుగొనిరి. నా చింతకు మందు తెచ్చుకొంటిని గాని, నా మాట ఎందరి పడుగు బిగించినదో అంతవరకు తలచలేదు. ఇప్పుడు చెల్లింపు తేదీని గోడపై వ్రాయుచున్నాము. తేదీ జరుగవలసి వచ్చినచో అదియు ముందే వ్రాయుచున్నాము.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేత సహకార సంఘమును స్థాపించిరి. ఆ ఊరు అప్పుడు మన బళ్ళారి జిల్లాలోనిదే. 1953లో ఆదోని తాలూకాతోపాటు ఆంధ్ర రాష్ట్రమున చేరినది. నూలు దొరకునా, కూలి అందునా అను దిగులు నేతగాని ఇంట తగ్గుటకే కదా సంఘములు పుట్టినది! ఆ దిగులు ముదిరిన ఫలితమును 2000 తరువాతి సంవత్సరములలో సిరిసిల్ల మరమగ్గ కార్మికుల ఆత్మహత్యలలో చూచితిమి.

కనుక మనము చేయదగినవి:

1. గంటకొకసారి గుంట నుండి లేచి నాలుగడుగులు నడువవలెను. కండెలు చుట్టు స్త్రీలును అట్లే చేయవలెను.

2. కార్టిసోల్ సహజముగా తెల్లవారుజామున పెరిగి అర్ధరాత్రికి తగ్గును. ప్రతిరాత్రి దీపము వెలుగున నేసి నిద్ర చెరుపుకొనరాదు.

3. ముప్పది ఏండ్లు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున రక్తపు పోటు, చక్కెర చూపించుకొనవలెను.

4. కీళ్ళ నొప్పులకు డాక్టరు సలహా లేక స్టెరాయిడు మాత్రలు మ్రింగరాదు. అవి కార్టిసోల్ జాతివే. చాలకాలము వాడినవారు హఠాత్తుగా మానుటయు అపాయమే.

5. అప్పు సంగతి ఇంటిలో దాచరాదు. బ్రతుకు మీద విరక్తి కలిగినచో 14416కు ఫోను చేయవలెను. 2022లో ప్రారంభమైన ఈ ప్రభుత్వ టెలి మానస్ సేవ ఉచితము, తెలుగులోను మాటలాడుదురు.

సంఘపు ఆఫీసుకును రండి. డబ్బు లేనినాడు లేదని చెప్పెదను. ఎప్పుడు వచ్చునో తెలిసినంతవరకు చెప్పెదను. "రేపు రండి" అని మాత్రము ఇక అనను.