వీపుసంచికి పునర్జన్మ

హైదరాబాదు వాయవ్య భాగంలో, కూకట్‌పల్లి జె.ఎన్.టి.యు. ప్రాంగణానికి చేరువలో ప్రగతి నగర్ ఉంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమై హైటెక్ సిటీ విస్తరించిన తరువాత, ఆ కార్యాలయాలలో పనిచేసేవారు ఎందరో ఇక్కడ నివాసాలు ఏర్పరచుకున్నారు. ఉదయంవేళ బస్సుకోసం నిలబడినవారిలో చాలామంది వీపులపై సంచులు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్, ఛార్జరు, నీళ్ళ సీసా, అన్నం డబ్బా కలిస్తే నాలుగైదు కిలోల బరువు.

అటువంటి ఒక యువకుని సంచి పదేళ్ళ మోతకు శిథిలమైంది. వాన నీరు లోపలికి దిగకుండా గుడ్డకు వేసిన పాలియురిథేన్ పూత తేమకూ వేడికీ జిగురుగా మారి, పొట్టులా రాలసాగింది. చివరకు భుజపట్టీ మొదలంటా ఊడింది. మిత్రులు కొత్తది కొనుక్కొమ్మన్నారు. కొనే స్తోమత అతనికి లేకపోలేదు. కాని ఆ సంచి లోపలి జేబుకు, అతడు ఇంజనీరింగు చదివే రోజులలో, తల్లి తన చీర అంచుతో వేసిన మాసిక ఉంది. ఆమె ఇప్పుడు లేదు.

వాహనాల సీట్లు, టార్పాలిన్లు కుట్టే ఒక వృద్ధుడైన దర్జీ వద్దకు అతడు సంచిని తీసుకొని వెళ్ళాడు. దర్జీ దానిని తిరగేసి చూసి, "బేటా, కొత్త గుడ్డతో ఇదే కొలతకు కుట్టగలను. కాని కొలత దొరకాలంటే దీన్ని పూర్తిగా విప్పాలి. విప్పాక ఇది మళ్ళీ సంచి కాదు. ఆలోచించుకో" అన్నాడు.

యువకుడు ఆ రోజు సంచిని ఇంటికి తిరిగి తెచ్చుకున్నాడు. వారం గడిచాక మళ్ళీ వెళ్ళి, "విప్పండి చాచా, ఆ మాసిక మాత్రం జాగ్రత్త" అన్నాడు.

గుడ్డ విషయంలో కొంత వాదన జరిగింది. యువకునికి కాన్వాసు అంటే ఇష్టం. అది గట్టిదే, అయితే వానలో తడిస్తే బరువెక్కుతుంది, ఆరకపోతే బూజు పడుతుంది. దర్జీ 1000 డెనియర్ల నైలాను మేలన్నాడు. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ నూలు అన్ని డెనియర్లది. అంటే ఈ నూలు 9 కిలోమీటర్ల పొడవు తీస్తే ఒక కిలో తూగుతుంది. 1935లో అమెరికాలో కరోథర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రూపొందించిన నైలాను, రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్లకు ఉపయోగపడింది. దానికీ ఒక లోపం ఉంది: ఏళ్ళ తరబడి ఎండ సోకితే బలం తగ్గుతుంది.

దర్జీ బ్లేడుతో కుట్లు విప్పి, ముక్కలను వార్తాపత్రికపై పరచాడు. పాత గుడ్డ ఒక పక్కకు సాగి ఉంది. దానిని ఉన్నదున్నట్లు గీస్తే కొత్త సంచీ వంకరగానే వస్తుంది. అందుచేత ప్రతి ముక్కలో సాగని సగాన్ని మాత్రమే గీసి, కాగితాన్ని మడిచి రెండవ సగం తీశాడు. నిజానికి ఈ పనిలో నేర్పంతా ఇక్కడే ఉంది. మిషను తొక్కడం తరువాతి సంగతి. కత్తిరించిన అంచులు పోగులు విడిపోకుండా వాటిని మంటకు చూపించాడు. నూలుదారం తడికి కుళ్ళుతుంది కనుక పాలియెస్టరు దారం వాడాడు.

నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ బరువు లేచి పడుతుంది. ఆ కుదుపు చాలావరకు పట్టీ సంచితో కలిసేచోట అంగుళం మేర కుట్టుపైనే పడుతుంది. దర్జీ అక్కడ నవారును రెండు పొరల గుడ్డ మధ్యకు చొప్పించి, చతురస్రంగా కుట్టి, దాని లోపల గుణకారపు గుర్తులా మరి రెండు కుట్లు వేశాడు.

కూలీ, గుడ్డ, జిప్పులు కలిసి ఖర్చు ఒక కొత్త సంచి ధరకు తక్కువేమీ కాలేదు. యువకుడు బేరమాడలేదు. జిప్పు తీసి లోపలి జేబు చూశాడు. దర్జీ ఆ జేబును విప్పనే లేదు. చీర అంచు మాసికతో సహా పాత జేబునే కొత్త గుడ్డకు చేర్చి కుట్టాడు. తల్లి వేసిన కుట్లు కాస్త ఎగుడుదిగుడుగా, ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. కొత్త పట్టీలు మాత్రం భుజానికి ఇంకా బిరుసుగానే తగులుతున్నాయి.