కొండ, నది, తీగ: పద్యాల్లో పెత్తనం ఎవరిది?

చెల్లెళ్లారా,

తెలుగు పరీక్షకు మనమంతా పర్యాయపదాలు బట్టీ పట్టినవాళ్లమే. రాజుకు భూపతి, మహీపతి. సముద్రానికి నదీనాథుడు. రాస్తే మార్కు వస్తుంది. కానీ ఆ మాటల్లో ఒక కాపురం కూడా ఉంది. భూమి భార్య, రాజు భర్త. నదులు భార్యలు, సముద్రుడు మొగుడు. ఏలేది మగవాడు, ఏలుబడిలో ఉండేది ఆడది. ప్రకృతి వర్ణన అని మనం తేలిగ్గా చదువుకుపోయే పద్యాల అడుగున ఈ లెక్క ఉంటుంది. మన ఇళ్లలోనూ ఇదే లెక్క. మొగుడు తిట్టినా కొట్టినా "భూదేవంత ఓర్పు ఉండాల" అని చెప్పేది అమ్మలకే గదా! ఆ భూదేవి పట్టాదారు పాసుపుస్తకంలో ఎవరి పేరున ఉంటుందో మీకు తెలుసు. (మనలో చాలామంది ఇళ్లలో ఆ పుస్తకమే లేదు. అది వేరే వ్యాసం.)

ఇంతకీ పాత కావ్యాలు మనదాకా ఎట్లా వచ్చాయి? 19వ శతాబ్దంలో తెలుగు కవిత్వం తాటాకుల మీది నుంచి అచ్చులోకి వచ్చింది. ఆ పనిలో మన జిల్లాకు పెద్ద వాటా ఉంది. సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తన బంగళాలో పండితులను పెట్టి ప్రతులు పోల్చించాడు, తప్పులు దిద్దించాడు, టీకలు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1844లో వసుచరిత్ర అచ్చయింది. ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పుడు కడపలో బ్రౌన్ పేరున గ్రంథాలయం ఉంది.

మనం ఆగి చూడవలసింది వసుచరిత్ర దగ్గరే. 16వ శతాబ్దంలో రామరాజభూషణుడు రాసి తిరుమలదేవరాయలకు అంకితమిచ్చిన ప్రబంధమిది. కథకు మూలం భారతం ఆదిపర్వంలో ఉంది. శుక్తిమతి అనే నది పోతూ ఉంటే కోలాహలం అనే కొండ మోహించి అడ్డం పడుతుంది. నది నడక ఆగిపోతుంది. వసురాజు వచ్చి కొండను కాలితో తన్నుతాడు. నదికి దారి దొరుకుతుంది. ఆ బలాత్కారం వల్ల పుట్టిన కవల పిల్లలను నది రాజుకే అప్పగిస్తుంది. కొడుకు సేనాపతి అవుతాడు. కూతురు గిరికను రాజు పెళ్లి చేసుకుంటాడు.

ఇక్కడ జరిగింది ఏమిటి? ఒక మగవాడు దారి కాశాడు, ఇంకో మగవాడు కాపాడాడు, కాపాడినందుకు బిడ్డను ఇచ్చుకోవలసి వచ్చింది. నదికి జరిగిన అన్యాయం చివరకు రాజుగారి పెళ్లికథ అయిపోయింది. బిడ్డ పేరు చూడండి. గిరిక, అంటే గిరి నుంచి వచ్చిన పేరు. మోసింది నది, నిలిచింది కొండ పేరు! శ్లేషలకు, పద్యాల నడకకు వసుచరిత్రను పండితులు మెచ్చుకుంటారు. ఆ మెప్పు న్యాయమైనదే, మేమూ కాదనం. అయితే శబ్దం బాగుందని కథలోని దెబ్బను చూడకుండా పోవడం చదువు అనిపించుకోదు.

ఈ కథ చదివినప్పుడు మాకు మన పాపఘ్ని గుర్తుకొచ్చింది. చక్రాయపేట మండలంలోని గండి వీరాంజనేయస్వామి గుడి మీకు తెలిసిందే, శ్రావణ శనివారాల్లో జనంతో నిండిపోతుంది. అక్కడ కొండల వరుస రెండుగా విడిపోయి నడుమ ఏరు పోతుంది. గండి అనే పేరే అందువల్ల వచ్చింది. అక్కడ ఏ రాజూ కొండను తన్నలేదు. యుగాల తరబడి ఆ కొండను కోసుకున్నది నీళ్లే. భూగోళం పుస్తకం చెప్పే ఈ సంగతి కావ్యం చెప్పలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగా కనిపించే ఏరే ఆ పని చేసింది.

ఇంగ్లీషు వాచకాల్లో డాఫడిల్ పూల పద్యం చాలామంది చదివి ఉంటారు. విలియం వర్డ్స్‌వర్త్ దాన్ని 1807లో ప్రచురించాడు. అందులో కవి ఒంటరిగా తిరుగుతూ పూలను చూస్తాడు. నిజానికి 1802 ఏప్రిల్ 15న ఆయన వెంట చెల్లెలు డొరతీ కూడా ఉంది. ఆ పూలు గాలికి ఆడిన తీరును ఆమె అప్పుడే తన డైరీలో రాసుకుంది. పద్యంలోని రెండు పాదాలు భార్య మేరీ ఇచ్చినవని ఆయనే ఒప్పుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ల పాలు ఉన్న పద్యంలో మిగిలింది ఒంటరి మగవాడు. డొరతీ డైరీ ఆమె పోయిన చాలా ఏళ్లకు అచ్చయింది.

మరి ఆడవాళ్లే కలం పడితే? తోరూ దత్ 1856లో కలకత్తాలో పుట్టింది, 21 ఏళ్లకే 1877లో చనిపోయింది. ఆమె సరుగుడు చెట్టు మీద ఇంగ్లీషులో ఒక పద్యం రాసింది. మన కావ్యాల్లో తీగ అంటే ఆడది. చెట్టు ఆధారం లేనిదే నిలవలేని సుకుమారి. తోరూ పద్యంలో తీగ కొండచిలువ లాగా మానును చుట్టి గాట్లు పడేలా బిగిస్తుంది. చెట్టు మాత్రం అక్కడా మహావీరుడే, కాబట్టి పాత లెక్కంతా తిరగబడిందని మేము అనం. తీగకు మాత్రం బలం వచ్చింది. ఆమెకు ఆ చెట్టు ప్రియమైనది దాని గొప్పతనం వల్ల కాదు. దాని కింద తనతో ఆడుకున్న అన్న, అక్క తనకంటే ముందే చనిపోయారు. ఆ పద్యం ఉన్న పుస్తకం 1882లో లండన్‌లో అచ్చయింది. అప్పటికి తోరూ పోయి ఐదేళ్లు.