పాఠం 7: జీనుకు, గుర్రపు పట్టీలకు ఏ నూనె మంచిది?

గత పాఠంలో పచ్చితోలును తంగేడు చెక్క, కరక్కాయలతో పదును చేసే పద్ధతిని తెలుసుకున్నారు. అటువంటి తోలుతో కుట్టిన జీను, తంగు, పగ్గాలు ఎక్కువకాలం మన్నాలంటే ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

2024 జనవరి 26న ఢిల్లీలో రాష్ట్రపతి గణతంత్ర దినోత్సవానికి గుర్రపు బగ్గీలో వచ్చారు. అటువంటి బగ్గీ అయినా, పొరుగు జిల్లాల్లో ఇటుకలు మోసే గుర్రపు బండి అయినా, తోలు పట్టీలు వాడితే వాటి సంరక్షణ ఒక్కటే. పట్టీ తెగితే బండి అదుపు తప్పుతుంది. గట్టిపడిన పట్టీ గుర్రం ఒంటిని ఒరిసి పుండు చేస్తుంది.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• తోలుకు నూనె ఎందుకు అవసరమో వివరించగలుగుతారు;
• తగిన, తగని నూనెలను గుర్తించగలుగుతారు;
• నూనె పట్టించే పద్ధతిని పాటించగలుగుతారు.

7.1 తోలు ఎందుకు పెళుసుబారుతుంది?

తోలు సన్నని పోగుల అల్లిక. పోగుల మధ్య కొవ్వు ఉండటం వల్ల అవి ఒకదానిపై ఒకటి జారుతూ సులభంగా వంగుతాయి. మే, జూన్ నెలల ఎండ, గుర్రం చెమటలోని ఉప్పు, తరచుగా కడగడం వల్ల తేమ, కొవ్వు తగ్గి తోలు పెళుసుబారుతుంది. తగ్గిన కొవ్వును నూనె భర్తీ చేస్తుంది. అయితే నూనె మెత్తదనాన్ని ఇస్తుందే కాని, తెగిన పోగులను అతికించదు.

7.2 ఏ నూనె వాడాలి?

కొన్ని నూనెలు గాలి తగిలితే ఆరి పొర కడతాయి. కొన్ని ఆరవు. తోలుకు కావలసినవి ఆరని నూనెలే.

• నీట్స్‌ఫుట్ నూనె: పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీస్తారు. చలిలో కూడా పల్చగా ఉండి తోలులోకి ఇంకుతుంది. తోలు రంగు కొంత ముదురుతుంది.
• ఆముదం: ఆరదు. పశువుల నూనె ఇష్టపడనివారు వాడవచ్చు. చిక్కగా ఉంటుంది కనుక కొద్దిగా వెచ్చచేసి పల్చగా రాయాలి.
• కొబ్బరి నూనె: సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. ఢిల్లీ చలికాలంలో సరిగా ఇంకదు.
• అవిసె నూనె: ఆరి గట్టిపడుతుంది, తోలు పగులుతుంది. ఆవనూనె కూడా క్రమంగా జిగటగా మారుతుంది.
• వాడేసిన ఇంజిన్ ఆయిల్: ఖర్చు లేదని కొందరు రాస్తారు. ఇది కుట్లను పాడుచేస్తుంది, గుర్రం చర్మానికి హాని చేస్తుంది.
• తేనెమైనం: లోపలికి ఇంకదు, వానచుక్కలను ఆపుతుంది. కనుక ముందు నూనె, తరువాత మైనం.

చేసి చూడండి: ఒక గాజు పలకపై ఒకవైపు అవిసె నూనె, మరొకవైపు ఆముదం పల్చగా రాసి మూడు వారాలు ఉంచండి. ఏది పొర కట్టిందో వేలితో తాకి చూడండి.

7.3 నూనె పట్టించే పద్ధతి

1. బకిళ్ళు విప్పి, తడిగుడ్డతో చెమట, దుమ్ము తుడవండి. బట్టల సోడా వాడవద్దు.
2. నీడలో ఆరనివ్వండి. ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని పెట్టవద్దు.
3. కొద్దిగా చెమ్మ ఉండగానే నూనె పల్చగా రాయండి. గరుకుగా ఉండే లోపలివైపు బాగా పీలుస్తుంది.
4. ఒక రాత్రి ఉంచి, మిగిలిన నూనె తుడవండి. నూనె ఎక్కువైతే తోలు సాగుతుంది.
5. పట్టీని మెల్లగా వంచి చూడండి. తంగులో, పగ్గాలలో, బకిల్ మడత దగ్గర లోతైన పగుళ్ళు ఉంటే ఆ పట్టీని మార్చండి.

వానాకాలంలో బూజు పట్టకుండా గాలి ఆడేచోట వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచిలో ఉంచవద్దు.

పాఠంలోని ప్రశ్నలు

1. అవిసె నూనె తోలుకు ఎందుకు పనికిరాదు?
2. లోతుగా పగిలిన తంగుకు నూనె రాసి వాడవచ్చా? ఎందుకు?

మీరు నేర్చుకున్నది

ఆరని నూనెను, శుభ్రమైన తోలుకు, పల్చగా పట్టించాలి. తోలు పగలకముందే ఈ పని చేయాలి. పగిలిన పట్టీని నమ్మి గుర్రాన్ని కట్టరాదు.

జవాబులు

1. గాలికి ఆరి గట్టిపడుతుంది కనుక.
2. వాడరాదు. నూనె తెగిన పోగులను అతికించదు.