స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ నిజంగా పోయిందా? మార్చే ముందు ఇలా చెక్ చేయండి

ఫోన్ మ్యాప్‌లో బాణం తప్పు దిక్కు చూపిస్తే మనం ఫోన్ మార్చం. ఎనిమిది ఆకారంలో తిప్పి కంపాస్‌ని కాలిబ్రేట్ చేస్తాం. కారులో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కీ ఇదే రూల్. స్కానర్‌లో దాని పేరుతో కోడ్ వచ్చినంత మాత్రాన ఆ పార్ట్ పోయినట్టు కాదు.

ఇది ఏం చేస్తుంది?

స్టీరింగ్ కాలమ్‌లో ఉండి, మీరు స్టీరింగ్ ఎటువైపు, ఎన్ని డిగ్రీలు తిప్పారో కొలుస్తుంది. కారు జారిపోకుండా చూసే ఈఎస్‌సీ ఈ లెక్కని యా రేట్ సెన్సర్‌ లెక్కతో పోల్చుకుంటుంది. యా రేట్ సెన్సర్ అంటే మన ఫోన్‌లో గైరోస్కోప్ లాంటిదే. మీరు తిప్పింది ఒకటి, కారు తిరిగింది ఇంకోటి అయితే, ఈఎస్‌సీ అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేక్ వేసి కారుని దారిలో పెడుతుంది.

యాంగిల్ లెక్క నమ్మేలా లేకపోతే ఈఎస్‌సీ ఆగిపోయి లైట్ వెలుగుతుంది. కారు మామూలుగానే నడుస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. వానలో సడన్‌గా స్టీరింగ్ తిప్పాల్సి వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది.

ముందు కోడ్ చదవండి

చవక ఈఎల్‌ఎం327 బ్లూటూత్ అడాప్టర్, ఫ్రీ యాప్‌తో ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లే కనిపిస్తాయి. ఏబీఎస్, ఈఎస్‌సీ మాడ్యూల్‌ని చదవగలిగే స్కానర్ కావాలి. సి0051 అంటే స్టీరింగ్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్ మీద అనుమానం. యూ0126 అంటే సెన్సర్‌తో కమ్యూనికేషన్ తెగింది. యూ0428 అంటే డేటా వస్తోంది కానీ చెల్లదు. మూడూ ఒకటి కాదు, రిపేర్ కూడా ఒకటి కాదు.

తర్వాత లైవ్ డేటా

ఇంజిన్ ఆన్ చేసి, స్టీరింగ్‌ని నెమ్మదిగా ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పుతూ స్క్రీన్ మీద అంకె చూడండి.

1. అంకె సాఫీగా మారుతోంది, కానీ కారు నేరుగా వెళ్తున్నప్పుడు సున్నా దగ్గర లేదు: కాలిబ్రేషన్ లేదా వీల్ అలైన్‌మెంట్ సమస్య.
2. మధ్యలో గెంతుతోంది, లేదా ఒకచోట ఫ్రీజ్ అవుతోంది: సెన్సర్ మీదే గట్టి అనుమానం.
3. అసలు అంకే రావట్లేదు: ఫ్యూజ్, కనెక్టర్, వైరింగ్ ముందు చూడాలి.

మా కారుకి అలైన్‌మెంట్ చేయించాక ఈఎస్‌సీ లైట్ వచ్చింది. గడ్డిఅన్నారంలో ఒక మెకానిక్ కోడ్ చూసి "సెన్సర్ మార్చాలి తమ్ముడూ" అన్నాడు. మా సందుల్లో స్పీడ్ బ్రేకర్ల మధ్య నేరుగా నడిపి చూడటం కుదరదు. అందుకే పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి నాగోల్ వైపు వెళ్లే రోడ్డు మీద ఫ్రెండ్ డ్రైవ్ చేస్తుంటే నేను స్క్రీన్ చూశాను. నేరుగా వెళ్తున్నా అంకె 12 డిగ్రీల దగ్గరే ఉంది, ఎక్కడా గెంతలేదు. స్టీరింగ్ కూడా కాస్త ఒక పక్కకి వంగి ఉంది. అంటే పైన చెప్పిన మొదటి కేసు. స్టీరింగ్‌ని మధ్యలో పెట్టి మళ్లీ అలైన్‌మెంట్ చేయించి, స్కానర్‌తో జీరో కాలిబ్రేషన్ చేయిస్తే లైట్ పోయింది. కొత్త సెన్సర్ ఖర్చు తప్పింది.

ఇవి గుర్తుంచుకోండి

బ్యాటరీ వీక్‌గా ఉన్నా ఇలాంటి కోడ్‌లు వస్తాయి. ఇంజిన్ ఆఫ్‌లో 12.6 వోల్టుల దగ్గర ఉంటే మంచిది. బ్యాటరీ తీసి పెట్టాక కొన్ని కార్లలో స్టీరింగ్‌ని రెండు చివరలకీ తిప్పితే సెన్సర్ మళ్లీ నేర్చుకుంటుంది, కొన్నింటికి స్కానర్ తప్పదు. మీ మోడల్ పద్ధతి సర్వీస్ మాన్యువల్‌లో చూడండి.

స్టీరింగ్‌ని మాత్రం ఇంట్లో విప్పొద్దు. చాలా కార్లలో ఈ సెన్సర్ ఎయిర్‌బ్యాగ్ వైరు వెళ్లే క్లాక్ స్ప్రింగ్ పక్కనే ఉంటుంది. లైవ్ డేటా చూడటం వరకూ మన పని, విప్పడం ట్రైనింగ్ ఉన్నవాళ్ల పని. షాపుకి వెళ్లినప్పుడు కోడ్ ఒక్కటే కాదు, నేరుగా నడిపినప్పుడు వచ్చిన అంకె కూడా అడగండి.